గింజయు తోటయు: భారతదేశమున పక్షిపోషణ చరిత్ర

వరికోతలు ముగిసి పంట కళ్లమునకు చేరు దినములలో, గోదావరీ కృష్ణా మండలముల రైతులు మేలైన కంకులను కొన్నింటిని ఏరి, కుచ్చుగా అల్లి, ఇంటి చూరునకో దేవాలయ మండపమునకో వ్రేలాడదీయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. చూచుటకు అది అలంకారమే. కాని కట్టినది పిచ్చుకల కొరకు. కంకి పాలుపోసుకొన్నది మొదలు కోతవరకు అదే రైతు, అవే పిచ్చుకలను, చిలుకలను, మంచె యెక్కి వడిసెల త్రిప్పి తరిమియుండును. పొలమున దొంగయైన పక్షి గుమ్మమున అతిథి యగుచున్నది. ఈ రెండు నడతల నడుమ విరోధమున్నట్లు రైతు ఎన్నడును తలపలేదు. పంటలో తనకు రావలసిన పాలును, పక్షికి పోవలసిన పాలును అతని లెక్కలో వేర్వేరుగనే యుండెను.

చేను కాచు స్త్రీలు మన కావ్యములలో తరచుగా కనబడుదురు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణించుచు, వరిమళ్ల కాలువలలో తలలను రెక్కలలో దూర్చి నిద్రించు బాతులను చూపినాడు. తెల్లవారుజామున స్నానము చేసిపోయిన విప్రులు మరచిన తడిబట్టల ముద్దలని వానిని కావలివారు భ్రమించి, ఇండ్లకు చేర్చుదమని నీటిలోనికి దిగుదురు, బాతులు పరుగులిడును, చేను కాచు పడుచులు నవ్వుదురు. ఆ పడుచులు అచట నిలిచినది పిట్టలను తోలుటకే. రాజకవి ఆ సంగతిని ప్రత్యేకముగా చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేదు. పంటకు పక్షికి గల పేచీ ఆనాటి పాఠకులందరును ఎరిగినదే.

ఈ దేశమున పక్షికి ఆహారము పెట్టుట రెండు త్రోవల నడచినది. మొదటిది గింజ చల్లుట, రెండవది చెట్టు పెట్టుట. గింజ చల్లుట కంటికి కనబడు దానము. దాతయు గ్రహీతయు ఎదురెదుర నుందురు, పుణ్యము ఆనాటిదానా డే లెక్కకు వచ్చును. చెట్టు పెట్టినవాడు దాని పండ్లు తిన్న పక్షిని చూడకపోవచ్చును. అందుచేతనే కాబోలు, మొదటి త్రోవకు కట్టడములు, ధర్మకర్తలు, ఆచారగ్రంథములు ఏర్పడినవి. రెండవ త్రోవ పేరు లేక సాగినది. ఎక్కువ రకముల పక్షులకు కడుపు నింపినది మాత్రము ఆ రెండవదే.

ఈ విషయమున మనకు లభించిన ప్రాచీన సాక్ష్యము అశోకునిది. పట్టాభిషేకమైన యిరువదియారేండ్లకు, అనగా క్రీ.పూ. 243 ప్రాంతమున, వెలువరించిన ఐదవ స్తంభశాసనమున అతడు చంపరాని ప్రాణుల పట్టికను చెక్కించినాడు. ఆ పట్టిక చిలుకతోను, గోరువంకతోను ఆరంభమగుచున్నది. చక్రవాకము, హంస, గబ్బిలము, తెల్లపావురము, ఊరిపావురము అందులోనివే. ప్రాణులున్న ఊకను కాల్పరాదనియు, నిష్కారణముగా అడవులను తగులబెట్టరాదనియు, ఒక ప్రాణిని మరియొక ప్రాణితో పోషింపరాదనియు ఆ శాసనము విధించినది. ఈ కడపటి నియమమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. పక్షిపోషణ చరిత్రలో చిక్కుముడి అచటనే పడినది.

ఇక చెట్ల సంగతి. బాటల వెంబడి మర్రిచెట్లు నాటించితిననియు, మామిడితోటలు వేయించితిననియు ఏడవ స్తంభశాసనమున అశోకుడు చెప్పుకొనినాడు. మనుష్యులకును పశువులకును ఉపయోగపడు మూలికలు, దుంపలు, పండ్లు లేనిచోట్ల వానిని తెప్పించి నాటించుటను గూర్చి రెండవ శిలాశాసనము పలుకుచున్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్టపై రాళ్లమీద ఆ శాసనపాఠము నేటికిని కలదు. ఈ రెండు శాసనములలోను ప్రయోజనము పొందువారు మనుష్యులు, పశువులు మాత్రమే. పక్షుల ప్రసక్తి లేదు. కాని నాటించినది మర్రి. మర్రిని మనుష్యులకై నాటినను అది మొదట పక్షిదే యగును.

కారణము వృక్షశాస్త్రమునందు కలదు. మర్రి, రావి, జువ్వి, మేడి మున్నగు జాతుల పూవులు కాయ లోపలనే దాగియుండును. వానిని పరాగవంతములు చేయు చిన్న కందిరీగలు ఒక్కొక్క జాతికి ఒక్కొక్కటి. ఆ రీగల జీవితము కొలది దినములే. అవి నశింపకుండవలెనన్న ఏడాది పొడుగునను ఏదో ఒక చెట్టు కాయచుండవలెను. అందుచే ఒకే ఊరిలోని మర్రిచెట్లన్నియు ఒకమారు పండవు. ఒకటి పండి రాల్చునప్పటికి మరియొకటి కాయ పట్టుచుండును. మామిడి, నేరేడు, వేప తమ ఋతువున పండి ఊరకుండును. తక్కిన నెలలలో కోకిలకు, పచ్చగువ్వకు, గోరువంకకు, పిగిలిపిట్టకు పస్తు లేకుండ చూచునవి ఈ పాలచెట్లే. పక్షి ఆ ఋణమును తీర్చుకొనును. తిన్న పండులోని గింజను తాటిచెట్టు మట్టలలోనో, గోపురపు బీటలోనో విడుచును. అది అచట మొలచి వేళ్లు దింపును. తాటిని కౌగిలించి యెదిగిన మర్రి తెలుగునేలపై ఎన్ని ఊళ్లలో లేదు! అవి మనుష్యుడు నాటినవి కావు.

వృక్షారోపణము పుణ్యకార్యమని మన పూర్వులు భావించుట అందరెరిగినదే. ఒక చెట్టు పదుగురు కుమారులతో సమానమని మత్స్యపురాణము. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, చెట్టునకు చెట్టునకు ఇరువది మూరల యెడము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమము అని లెక్క కట్టినాడు. తెలుగుదేశమున ఈ భావము సప్తసంతానముల రూపము దాల్చినది. తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, ప్రబంధము, పుత్రుడు అను నేడింటిని నిలిపినవాడు కృతార్థుడు. మధ్యయుగపు ఆంధ్రశాసనములలో రాజులును మంత్రులును దండనాథులును ఈ సప్తసంతానముల పేరు చెప్పుకొని గర్వించిరి. చరిత్రకారులు వీనిలో చెరువును గూర్చి ఎంతయో వ్రాసిరి, దేవాలయమును గూర్చి అంతకు మించి వ్రాసిరి. వనమును గూర్చి వ్రాసినది స్వల్పము. చెట్టు చచ్చిన పిదప రాయి వలె సాక్ష్యము చెప్పదు గదా!

గింజ త్రోవకు వత్తము. గృహస్థుడు ప్రతిదినము చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. వండిన అన్నములో కొంత భాగమును కాకులకును, కుక్కలకును, క్రిమికీటకములకును వేయవలెనని ధర్మశాస్త్రము. శ్రాద్ధదినమున కాకికి పెట్టు పిండము నేటికిని మన ఇండ్లలో నిలిచియున్నది. కాకి ముట్టువరకు కర్త భోజనమునకు కూర్చుండడు. పిట్టగోడ మీద అన్నము పెట్టి దొడ్డిలో చేతులు కట్టుకొని నిలుచుండును. ఇందొక చమత్కారము కలదు. కోకిల గ్రుడ్లు పెట్టునది కాకి గూటిలో. దాని పిల్లను పెంచునది కాకి. పితృదేవతల పేరిట కాకికి పెట్టిన మెతుకులలో కొన్ని, ఉగాదికి కూయు కోకిల నోటికే చేరియుండును.

గింజదానమును ఒక వ్యవస్థగా తీర్చినవారు ఘూర్జరదేశపు జైనులును, వారితో కలసి వ్యాపారము చేసిన వైష్ణవ వణిజులును. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఖంభాతు రేవులో పక్షుల వైద్యశాలను చూచి వ్రాసిపెట్టినాడు. రోగము తగిలిన పక్షులు, గాయపడిన పక్షులు, దిక్కులేని పక్షులు అచట పోషింపబడుచుండెను. తల్లిలేని ఎలుకపిల్లలను కొన్నింటిని దూదిలో పెట్టి, తెల్లగడ్డపు వృద్ధుడొకడు ముక్కునకు కళ్లద్దములు తగిలించుకొని, పక్షి యీకతో వానికి పాలు పట్టుచుండెనట. ఆ యాత్రికుడు విస్మితుడైనాడు. ఆ కాలపు ఐరోపావాసులకు ఇది వింతయే. కాని ఆ వృద్ధుని ఏకాగ్రతను అతడు మన్ననతో వర్ణించినాడే గాని పరిహసింపలేదు. ఢిల్లీలో ఎర్రకోట కెదురుగా నున్న జైనమందిరమున పక్షుల వైద్యశాల నేటికిని నడచుచుండుట ఆ సంప్రదాయపు కొనసాగింపే.

అహమ్మదాబాదు పాతనగరమున 'పోళ్' అనబడు వీథులు కలవు. ఒక ద్వారము వెనుక సన్నని సందు, ఇరుప్రక్కల గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు, దొడ్లు లేవు, చెట్లకు చోటు లేదు. అట్టి వీథుల కూడలిలో కొయ్యతోనో రాతితోనో ఒక స్తంభము నెత్తి, దానిమీద శిల్పములు చెక్కిన చిన్న మండపమును కట్టుదురు. దానికి చబుత్రా అని పేరు. పిల్లికి అందని ఎత్తున గింజలు, నీరు ఉంచుదురు. వీథివారు వంతులవారీగానో చందాలతోనో జరుపుదురు. ఒంటి మ్రాను, పైన విరిసిన గొడుగు, అందు చేరిన పక్షులు: చబుత్రా ఆకృతిని పరికించినవారికి అది చెట్టు లేని వీథిలో చెట్టునకు ప్రతినిధి యని తోచక మానదు. 2017లో ఆ నగరమునకు ప్రపంచ వారసత్వ స్థానము లభించిన తరువాత యాత్రికులు చబుత్రాలను గూడ చూడబోవుచున్నారు.

ప్రతినిధియే గాని చెట్టు కాదు. చబుత్రాపైకి వచ్చునవి గింజతిను పక్షులు. పావురములు, పిచ్చుకలు, చిలుకలు. తేనెపిట్టకు అందులో పనిలేదు. పండు కోరు పిగిలిపిట్టకు, పురుగు నేరు లికుజిట్టకు అచట భాగము లేదు. ఇది నిర్మాతల లోపము కాదు. అశోకుని శాసనము నాటి నియమమును జైనధర్మము మరింత సూక్ష్మముగా పాటించినది. గింజ నెత్తురంటని దానము. దానివలన దాతకు ఏ జీవహింసాదోషమును రాదు. చెట్టు అట్లు కాదు. చెట్టనగా పూవు, పండు మాత్రమే కాదు, ఆకు తిను గొంగళి, బెరడు తొలుచు పురుగు, వానిని తిను పిట్ట. గింజలు తిని బ్రతుకు పిచ్చుక సయితము తన పిల్లలకు మొదటి దినములలో గింజ పెట్టదు. మెత్తని పురుగులను, గొంగళులను తెచ్చి నోట కుక్కును. ప్రాణిని ప్రాణితో పోషింపరాదను రాజాజ్ఞను ఆ తల్లి ఒక్కనాడును పాటించి యెరుగదు.

పందొమ్మిదవ శతాబ్ది తోటల స్వభావమునే మార్చినది. విలియం రాక్స్‌బరో 1780ల దశాబ్దమున సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా నుండి, అచట తోట పెంచి, కోరమాండలు తీరపు మొక్కలను చిత్రింపజేసి, వానికి తెలుగువారు వాడు పేర్లను గూడ చేర్చి ప్రకటించినాడు. మోదుగ మున్నగు మన పల్లెటూరి నామములు లండను గ్రంథమున కెక్కుట అట్లు జరిగినది. 1793లో అతడు కలకత్తా సస్యోద్యానమునకు అధిపతియై పోయెను. ఆ యుద్యానము 1787లో స్థాపితము. దేశాంతరముల మొక్కలు ఈ దేశమున అడుగుపెట్టుటకు అది సింహద్వార మయ్యెను. కాలక్రమమున మడగాస్కరు నుండి తురాయి, దక్షిణ అమెరికా నుండి నిద్రగన్నేరు, జకరండా వచ్చి దొరల బంగళాల తోటలను, కంటోన్మెంటు బాటలను ఆక్రమించినవి. నీడకును కంటివిందునకును వానికి లోటు లేదు. కాని పండు తిను పక్షికి తురాయి ఎండు కాయ వలన ఒరుగున దేమి? మర్రి నాటిన బాటకును తురాయి నాటిన బాటకును గల భేదము వేసవి మిట్టమధ్యాహ్నము చెవులతో విన్నవారికే తెలియును.

ఆ శతాబ్ది తొలి దశాబ్దమున కలకత్తా యుద్యానమునకు అమెరికా ఉష్ణదేశముల నుండి మరియొక పూలమొక్క వచ్చెను. పేరు లంటానా, తెలుగుసీమలో కొందరు పులికంప యందురు. రంగురంగుల గుత్తిపూలు, పశువు ముట్టని ఆకు, కంచెకు అనువైన ముండ్లు ఉండుటచే తోటమాలులు దానిని మెచ్చిరి. దాని నల్లని చిన్నపండ్లు పిగిలిపిట్టలకు, గోరువంకలకు రుచించినవి. పక్షులకు ఇంత చక్కగా ఆహారము నిచ్చు అలంకారపు మొక్క మరియొకటి ఉండునా యని ఆనాడెవ్వరైన అనుకొనిన తప్పు పట్టరాదు. పక్షులు ఆ గింజలను కంచె దాటించి, ఊరు దాటించి, అడవికి చేర్చినవి. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము భారతదేశమున పులులు తిరుగు అడవులలో సుమారు 40 శాతము లంటానా పాలబడినది. దాని క్రింద గడ్డి మొలవదు, అడవిచెట్ల పిలకలు లేవవు. మర్రిని గోపురము పైకెక్కించిన ముక్కే ఈ పనియు చేసినది. పక్షికి ఏది నాటవలెను అను ప్రశ్నకు, అది తినునదెల్ల నాటుము అను సమాధానము చాలదని ఈ దేశము అట్లు నేర్చుకొనెను.

ఏ చెట్టు ఏ పక్షికి ఏమి యిచ్చునో, పక్షి చెట్టునకు మరల ఏమి చేయునో శాస్త్రీయముగా లెక్కించు పని ఇరువదవ శతాబ్దిలో గాని సాగలేదు. ఇందు అగ్రగణ్యుడు సాలిం అలీ. 1931లో అతడు కొంకణమున బదనిక వ్యాప్తిని పరిశీలించినాడు. మామిడికొమ్మలపై పరాన్నజీవిగా పెరుగు బదనిక పూవులలోని తేనెను తేనెపిట్టలు త్రాగి దానికి పరాగదానము చేయును; బొటనవ్రేలంతటి మరియొక చిన్నపిట్ట దాని పండును మ్రింగి, జిగురుగల గింజను కొమ్మకు అంటించిపోవును. ఒక పక్షి పూవునకు, ఒక పక్షి గింజకు దాసి. తోటమాలికి ఇది మేలుకాదు. కాని ఆ పొందిక ఎంత నిశితమైనది! మరుసటి యేడు, 1932లో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో భారతదేశపు పూలపక్షులను, పక్షిపూలను గూర్చి అతడు ప్రకటించిన వ్యాసము ఈ విషయమున మూలస్తంభము వంటిది. శిశిరమున ఆకులు రాల్చి ఎర్రగా పూయు బూరుగు, మోదుగ, బాడిద చెట్లు పక్షులకు తేనెపందిళ్లు. కాకి, గోరువంక, తేనెపిట్ట, చలికాలమున మధ్యాసియా దిక్కునుండి దండులుగా వచ్చు గులాబిరంగు గోరువంక, అన్నియు ముఖమున పుప్పొడి పూసికొని కొమ్మకొమ్మకు తిరుగును.

ఆ గులాబి గోరువంకకు దక్కను రైతు లోకమున మంచిపేరు లేదు. జొన్నచేల మీద దండు వ్రాలినచో కంకులు మిగులవు. అదే పక్షి మిడుతలను మూకలుగా తిని రక్షించుటయు కలదు. 1931-32లో నిజాము ప్రభుత్వపు ఆదరణతో సాలిం అలీ హైదరాబాదు రాజ్యమంతట పక్షిపరిశీలనము జరిపి ఆ ఫలితములను ప్రకటించెను. నేటి తెలంగాణపు పక్షులకు మొదటి వివరమైన పట్టిక అదే.

పెరటి తోట గలవారు ఈనాటికిని ఈ రెండు త్రోవలను కలుపవచ్చును. మందారము, నూరువరహాలు తేనెపిట్టను పిలుచును. ములగపూత మీద తేనెపిట్టలు లేని ఉదయము అరుదు. జామ, దానిమ్మ చిలుకకు ప్రియములు, ఆ ప్రియత్వము యజమానికి కొంత కష్టముగ నుండును. వేప పండ్లు ఆషాఢము నాటికి గోరువంకలను కాకులను చేర్చును. చోటున్నచోట నేరేడు, మేడి తగును. చెట్టు క్రింద రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టక వదలినచో పురుగులు చేరును, పురుగుల కొరకు సీదాపిట్టల గుంపు చేరును. అశోకుడు ఊకను కాల్పవద్దనిన శాసనము ఈ చెత్తకుప్ప యెదుట మరల అర్థవంతమగుచున్నది.

పిచ్చుకల విషయమున మనస్తాపము హెచ్చుగ నున్నది. ఢిల్లీ ప్రభుత్వము 2012లో దానిని రాష్ట్రపక్షిగా ప్రకటించెను. పక్షివీక్షకులు నమోదు చేసిన లక్షలాది వివరములపై ఆధారపడి 2020లో వెలువడిన భారతపక్షుల స్థితి నివేదిక, దేశమంతట చూచినచో పిచ్చుక దాదాపు స్థిరముగనే యున్నదనియు, హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో మాత్రము తగ్గినదనియు తేల్చినది. నగరములలో గింజకు కొరవలేదు. ఎవరో ఒకరు చల్లుచునే యున్నారు. లేనివి పెంకుటింటి వాసాల సందులు, చెరుగు చేటలు, పొదలు, పొదలలోని పురుగులు. ఇంటి గుమ్మమున వరికుచ్చు కట్టినప్పుడు అందరకు గుర్తుండునది ఆ కుచ్చే. దాని చుట్టును పెరడు, పశువులకొట్టము, పేడకుప్ప ఉండెనను సంగతి, అవి పోయిన తరువాత గాని తెలియరాలేదు.

ఊరిపావురము మాట వేరు. అది పూర్వము కొండబండల పక్షి. మేడల అంచులు దానికి కొండచరియలే. గింజ ఎచట చల్లిన అచట వృద్ధియగును. 2023 నాటి నివేదికలో దేశమున విశేషముగా పెరిగిన పక్షులలో అదియు నొకటి. బొంబాయిలోని దాదరు కబూతర్‌ఖానా ఇరువదవ శతాబ్ది పూర్వార్ధము నుండి పావురములకు గింజలు వేయుచుండిన ప్రసిద్ధ స్థలము. పావురపు రెట్టల వలన ఊపిరితిత్తులు చెడుచున్నవని వైద్యులు హెచ్చరించగా, 2025లో మహారాష్ట్ర ప్రభుత్వాదేశముపై నగరపాలకులు అట్టి స్థలములను మూయించిరి. దాదరు కట్టడముపై గుడ్డలు కప్పిరి. జైనభక్తులు కొందరు ఆ గుడ్డలను లాగివేసిరి. వ్యాజ్యము ఉన్నతన్యాయస్థానమున కెక్కెను. ఇరుపక్షముల మాటలోను సత్యమున్నది. పట్టెడు గింజలతో పుణ్యము సంపాదింపవచ్చునని వేయేండ్లుగా నమ్మిన వృద్ధురాలికి, ఆ గింజ పొరుగింటి పిల్లవానికి ఉబ్బసము తెచ్చునని చెప్పుట సుకరము కాదు.

ఇరువది రెండు శతాబ్దములకు పూర్వము చెక్కిన పట్టికలో గ్రామకపోతము పేరు చేరియుండుట ఆ వ్యాజ్యమాడిన వారిలో ఎందరికి తెలియునో చెప్పజాలము. ఆ కబూతర్‌ఖానా చుట్టును, ఒక పావురము తప్ప మరియొక పక్షి కూర్చుండదగిన పెద్దచెట్లు కొద్దియే.